గాలికీ ఓ లెక్కుంది

నీళ్ళు సీసాల్లో పోసి అమ్మడం మొదలైన కొత్తల్లో "ఇక గాలి ఒక్కటే తరువాయి" అని మనమంతా నవ్వుకున్నాం. ఆ తరువాయి కూడా తీరిపోయింది. ఎయిర్ పిస్టలో, ఎయిర్ రైఫిలో నేర్చుకునే పిల్లలున్న ఇళ్ళలో గాలి కూడా ఇప్పుడొక ఖర్చు పద్దే. పాలు, కరెంటు, ట్యూషను, గాలి! మాదన్నపేటలో మా ఇంటి పరిస్థితీ అదే. మా చిన్నమ్మాయి ఇంటర్ చదువుతూ ఎయిర్ పిస్టల్ నేర్చుకుంటోంది. మా మండీలో వంకాయల బేరం నాకు వెన్నతో పెట్టిన విద్య. కంప్రెషర్ బేరం మాత్రం పనిగట్టుకుని నేర్చుకోవలసి వచ్చింది.

నేర్చుకున్నాక నాకొక అభిప్రాయం ఏర్పడింది. ఆడపిల్ల చేతికి పిస్టల్ ఇచ్చి, అందులో నింపే గాలిని మాత్రం ఇంకొకరి చేతిలో ఉంచితే ఆ ఆట సగమే ఇచ్చినట్టు. తక్కువ ధర కంప్రెషర్ కొనాలా వద్దా, కొంటే ఎలాంటిది కొనాలి, ఎవరు నడపాలి, ఎవరు విప్పి బాగుచేయాలి అన్న ప్రశ్నలన్నీ నా దృష్టిలో దీని చుట్టూ తిరిగేవే.

ఏమిటీ గాలి గొడవ?

"గాలి దేవుడిచ్చిండు గదా, దానికి గూడ మిషినా బిడ్డా?" అని మా అత్తమ్మ అడిగింది. న్యాయమైన ప్రశ్నే. పంక్చరు షాపు భాయ్ దగ్గర కూడా కంప్రెషర్ ఉంది కదా, అక్కడ కొట్టించుకోకూడదా అని చాలామంది అడుగుతారు. కూడదు. ఎందుకో వంటింటి లెక్కలో చెప్తాను.

మన ప్రెషర్ కుక్కర్ విజిల్ వేసే సమయానికి లోపల ఉండే ఒత్తిడి బయటి గాలి కంటే సుమారు ఒక బారు ఎక్కువ. కారు టైర్లో రెండు బార్లకు కాస్త పైన. గ్యాస్ సిలిండర్లో ఎండను బట్టి అయిదారు బార్లు, ఇంకాస్త. పంక్చరు షాపు మిషను ఎనిమిది, పది బార్ల దగ్గర ఆగిపోతుంది. పోటీల్లో వాడే ఎయిర్ పిస్టల్ సిలిండర్లోనో? 200 బార్లు! అంటే పి.ఎస్.ఐ. లెక్కలో 2,900. మన రోడ్ల మీద తిరిగే సి.ఎన్.జి. ఆటో సిలిండర్లో ఉండే ఒత్తిడి అంతే. కొన్ని రైఫిళ్ళకు 300 బార్ల దాకా కావాలి. కుక్కర్ గాస్కెట్ ఊడితేనే వంటిల్లంతా పప్పుమయం అవుతుంది. దానికి రెండు వందల రెట్లు ఊహించుకోండి.

ఇంత ఒత్తిడి ఎందుకంటే ఆ సిలిండర్ చిన్నది, అందులో చాలా గాలి పట్టాలి. 200 ఘనపు సెంటీమీటర్ల సిలిండర్లో, అంటే ఓ టీ గ్లాసు పాటి చోటులో, 200 బార్ల దగ్గర 40 లీటర్ల గాలి ఇమిడిపోతుంది. ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా అందులోంచి చిటికెడు గాలి బయటికొచ్చి 4.5 మిల్లీమీటర్ల సీసపు గుండును 10 మీటర్ల దూరంలో ఉన్న గురి మీదికి తోస్తుంది. ప్రతిసారీ ఆ తోపు ఒక్కలాగే ఉండాలి. ఎయిర్ రైఫిల్ గురిలో పది మార్కుల చుక్క వెడల్పు అర మిల్లీమీటరే మరి! గాలి తక్కువైతే గురి తప్పినట్టే, నెలల సాధన గాలికి పోయినట్టే.

ఇది కొత్త తంటా కూడా కాదు. సుమారు 1780 ప్రాంతంలో ఆస్ట్రియా సైన్యం కోసం జిరార్డోని అనే ఆయన గాలి తుపాకీ తయారుచేశాడు. దాని గాలిబుడ్డి నింపడానికి పంపు దాదాపు 1,500 సార్లు కొట్టాల్సి వచ్చేదట. పాపం ఆ సిపాయిలు!

సమానత్వానికీ గాలి కావాలి

ఆడవాళ్ళకు ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్ పోటీ 1984లో, ఎయిర్ పిస్టల్ పోటీ 1988లో మొదలయ్యాయి. కానీ చాలా ఏళ్ళ పాటు మగవాళ్ళు 60 గుళ్ళు పేలిస్తే ఆడవాళ్ళకు 40 గుళ్ళే. ఎందుకో ఎవరికీ తెలీదు. అలసిపోతారని కాబోలు! బిందెలు మోసే చేతులు, పిల్లల్ని చంకనెత్తుకుని చపాతీలు ఒత్తే చేతులు ఇరవై గుళ్ళు ఎక్కువ పేలిస్తే అలసిపోతాయా? 2018 నుంచి ఆ తేడా తీసేశారు. ఇప్పుడు ఇద్దరికీ 60 గుళ్ళే, 75 నిమిషాలే.

అదే 2018లో మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 13 ఏళ్ళకే ఎయిర్ పిస్టల్‌లో జాతీయ ఛాంపియన్ అయింది. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఏషియన్ గేమ్స్ నుంచి ఒక బంగారు పతకం, మూడు వెండి పతకాలు తెచ్చింది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్ కాంస్యం తెచ్చిన గగన్ నారంగ్ కూడా మన ఊళ్ళో పెరిగినవాడే. 2024లో పారిస్‌లో మను భాకర్ ఎయిర్ పిస్టల్‌లో కాంస్యం గెలిచింది. షూటింగ్‌లో ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ ఆమే. ఆ రోజు టీవీ ముందు కూర్చున్న ఆడపిల్లల్లో ఎంతమంది మనసులో "నేనూ" అనుకున్నారో! మా అమ్మాయైతే పైకే అనేసింది.

అనడం తేలిక. మాదన్నపేట నుంచి గచ్చిబౌలి వైపు ఉన్న రేంజికి వెళ్ళాలంటే మలక్‌పేటలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగి, మళ్ళీ బస్సో ఆటోనో పట్టుకోవాలి. ఊరికి ఈ కొస నుంచి ఆ కొసకు. అంత దూరం వెళ్ళాక గాలి నింపే మనిషి రాలేదంటే? ఆయన భోజనానికి వెళ్ళాడంటే? "ఇప్పుడు కాదమ్మా, సీనియర్లవి అయ్యాక చూద్దాం" అంటే? ఇవన్నీ మా పిల్లకు జరిగినవే. వాళ్ళు చెడ్డవాళ్ళనను. "నీకెందుకమ్మా, మేం నింపిస్తాం కదా" అని ఆప్యాయంగానే అంటారు. ఆ ఆప్యాయతే నాకు గుచ్చుకుంటుంది. వెంట ఉన్న మగపిల్లలు చూసి చూసి మిషను నడపడం నేర్చేసుకున్నారు. ఆడపిల్లలు మాత్రం "అన్నా, గాలి" అంటూ చేతిలో సిలిండర్ పట్టుకుని నిలబడుతున్నారు. గ్యాస్ బుకింగ్, బ్యాంకు పని, స్కూటర్ స్టాండు ఎత్తడం — మన తరంలో ఎన్నింటికి అలా నిలబడ్డామో గుర్తులేదా?

కొనే ముందు కాస్త ఆగండి

అలాగని రేపే వెళ్ళి మిషను కొనేయమని చెప్పడం లేదు. చాలా ఇళ్ళకు అసలు అవసరమే లేదు. కొత్తగా నేర్చుకునే పిల్లకు స్ప్రింగుతో పనిచేసే తుపాకీ చాలు, దానికి గాలి నింపే పనే లేదు. క్లబ్బులో మంచి కంప్రెషరో, పెద్ద గాలి సిలిండరో ఉండి, మీ పిల్లకు అడగ్గానే గాలి దొరుకుతుంటే ఇంట్లో ఇంకోటి ఎందుకు? ఏడాది గడిచి, పిల్ల మనసు ఆట మీద నిలిచిందని తేలాక ఆలోచించండి.

కొందరు చేతిపంపు కొనుక్కోమంటారు. చూడ్డానికి సైకిల్ పంపులా ఉంటుంది. కరెంటు అక్కర్లేదు, మోత ఉండదు, ధరా తక్కువ. కాని చివరి ముప్పై నలభై బార్ల దగ్గర ఒంటి బరువంతా దాని మీద వేసి నొక్కాలి. నలభై అయిదు కిలోల పిల్ల అంతసేపు పంపు కొట్టి, అదే చేత్తో పిస్టల్ నిలకడగా పట్టుకోవాలంటే ఎలా? చెయ్యి వణికిపోతుంది. సిలిండర్ బాగా ఖాళీ కానివ్వకుండా, సాధనకు ముందు రోజు రాత్రి కాస్త కాస్త నింపుకుంటే చేతిపంపుతోనూ బండి నడుస్తుంది. బలమున్న వాళ్ళకు అది మంచిదే.

ఇక కరెంటు మిషన్లు. పెద్ద కంపెనీల కంప్రెషర్లు, నీళ్ళ అడుగున ఈదేవాళ్ళకూ అగ్నిమాపక దళానికీ గాలి నింపేవి, లక్షల్లో ఉంటాయి. వాటి జోలికి మనం పోలేం. మన అందుబాటులో ఉన్నవి ముఖ్యంగా రెండు రకాలు.

మొదటిది డబ్బా లాంటి చిన్న మిషను. 12 వోల్టుల మీద నడుస్తుంది. కారు బ్యాటరీకి తగిలించుకోవచ్చు, అడాప్టర్ పెట్టి ఇంటి కరెంటుకూ తగిలించుకోవచ్చు. ఎంత ఒత్తిడి కావాలో పెడితే అక్కడికి రాగానే ఆగిపోతుంది. చిన్న సిలిండర్లకే పనికొస్తుంది. పది పదిహేను నిమిషాలు నడిపాక చల్లారనివ్వాలి. దీన్ని పెట్టి పెద్ద సిలిండర్ నింపబోతే ఒకటి రెండుసార్లలోనే పిస్టన్ సీలు అరిగి మూలపడుతుంది.

రెండోది నీళ్ళతో చల్లబడే బరువైన మిషను. కరెంటు 1,800 వాట్ల వరకు లాగుతుంది, మన గీజరు మాదిరి. పక్కన బకెట్‌లో నీళ్ళు పెట్టి, అందులో చిన్న మోటారు వేయాలి. ఆ నీళ్ళు మిషను ఒళ్ళంతా తిరిగి వేడి లాగుతాయి. లోపల రెండు పిస్టన్లుంటాయి. పెద్దది గాలిని ఒక మోస్తరుగా నొక్కి చిన్నదానికి అందిస్తుంది, చిన్నది దాన్ని పూర్తి ఒత్తిడికి నొక్కుతుంది. వేగంగా నింపుతుంది, విప్పి బాగుచేయడం తేలిక. కానీ మోత ఎక్కువ, నూనె మార్చాలి, కనిపెట్టుకుని ఉండాలి.

ఒక్క పిస్టల్ ఉన్న ఇంటికి మొదటిది చాలు. ముగ్గురు నలుగురు పిల్లలు కలిసి వాడుకుంటే రెండోది మేలు. మేం రెండోదే కొన్నాం, అదీ మూడిళ్ళ వాళ్ళం కలిసి. ముగ్గురు తల్లులం చిట్టీ వేసి, పాట ఎత్తి, ఆ డబ్బుతో కొన్నాం. కింది వాటాలో ఉండే ఖాలా ఇంటి ముందు సిమెంటు వాకిట్లో పెట్టాం. ఆమె మనవరాలు కూడా రైఫిల్ నేర్చుకుంటోంది మరి. ఏ రోజు ఎవరు ఎన్ని నిమిషాలు నడిపారో ఒక నోటుబుక్కులో రాస్తాం. పాల లెక్క రాసినట్టే!

షాపులో ఏం అడగాలి?

షాపుకి ముగ్గురం ఆడవాళ్ళమే వెళ్ళాం. కౌంటర్ దగ్గరి పెద్దమనిషి మా వెనక ఎవరైనా వస్తున్నారేమో అని గుమ్మం వైపు చూశాడు. "సార్ రాలేదా?" అన్నాడు. "డబ్బు మా దగ్గరే ఉందన్నా, మాకే చెప్పు" అంది మాలో పెద్దావిడ. ఆ తర్వాత చక్కగా చెప్పాడు. మీరు వెళ్ళినా ఈ ప్రశ్నలు అడగండి.

పిస్టన్ రింగులు, ఓ రింగులు, సీళ్ళు ఈ ఊళ్ళో దొరుకుతాయా? దొరికితే ఒక సెట్టు మిషనుతో పాటే ఇవ్వగలరా? అధిక ఒత్తిడి వస్తే పగిలి గాలి వదిలేసే రేకు, అంటే మన కుక్కర్ సేఫ్టీ వాల్వు లాంటిది, ఉందా? దాని విడి రేకులు ఇస్తారా? నీటిని, నూనెను వేరుచేసే ఫిల్టరు ఉందా? పెట్టిన ఒత్తిడికి దానంతటదే ఆగుతుందా? మా కళ్ళెదుట ఒకసారి నడిపి, నింపి, గాలి వదిలి చూపిస్తారా? పాడైతే ఎవరు బాగుచేస్తారు, ఎక్కడ?

వీటిలో సగానికి "అవన్నీ ఏం కాదమ్మా" అని జవాబొస్తే లేచి వచ్చేయండి. మిషను ధరలో తగ్గించిన డబ్బంతా విడిభాగాల దగ్గర పోతుంది. నగరంలో ఇంకో షాపు మాతో అలాగే అంది, సీళ్ళ సంగతి అడిగితే మాట దాటేసింది. రాణీగంజ్‌లో ఓ రింగులు కుప్పలుగా దొరుకుతాయి నిజమే. కాని నీళ్ళ పంపు రింగు, ఈ ఒత్తిడికి తట్టుకునే రింగు ఒకటి కాదు. కొలతతో పాటు రబ్బరు గట్టిదనం కూడా సరిపోవాలి. సెకండ్ హ్యాండ్ మిషనైతే ఎన్ని గంటలు నడిచిందో చెప్పలేని వాళ్ళ దగ్గర అసలు కొనకండి.

నూనె, నీళ్ళు, వేడి

ఈ మిషనుకు ముగ్గురు శత్రువులు. నీళ్ళు, వేడి, తప్పుడు నూనె.

గాలిలో తేమ ఉంటుందని బడిలో చదువుకున్నాం. వానాకాలంలో ఆ 40 లీటర్ల గాలిలో దాదాపు ఒక గ్రాము నీరుంటుంది, అంటే ఇరవై చుక్కలు. 200 బార్లకు నొక్కేసరికి అది దాదాపుగా అంతా నీళ్ళయి దిగుతుంది, తడిబట్ట పిండినట్టు. ఫిల్టరు లేకపోతే ఆ చుక్కలన్నీ పిస్టల్ సిలిండర్లోకే పోతాయి. రోజుకు ఇరవై చుక్కలంటే నెలకు ఎన్నో మీరే లెక్క వేసుకోండి. లోపల తుప్పు, వాల్వు పాడు. అందుకే మిషను నడుస్తుండగా అయిదు నిమిషాలకోసారి నీరు వదిలే మర తిప్పి వదలాలి. ఫిల్టరులోని దూది తడిసి రంగు మారితే మార్చాలి. దూది ఖర్చెంత, సిలిండర్ ఖర్చెంత!

వేడి సంగతి. సైకిల్ పంపు కొడితే గొట్టం వేడెక్కడం అందరం చూసిందే. ఇక్కడ అది వంద రెట్లు. బకెట్‌లో నీళ్ళు తిరుగుతున్నాయో లేదో చూసి గానీ స్విచ్ వేయకండి. ఎండాకాలంలో మేం నీళ్ళలో ఐసు ముక్కలు వేస్తాం. మిషను మీదున్న వేడి మీటరు పైకెక్కుతుంటే ఆపి, చల్లారాక మళ్ళీ నడపాలి. సిలిండర్ కూడా నింపేటప్పుడు వేడెక్కుతుంది, చల్లారాక ఒత్తిడి కాస్త తగ్గుతుంది. లీకైపోయిందని కంగారు పడక్కర్లేదు. మెల్లగా నింపితే ఆ తేడా తగ్గుతుంది.

ఇక నూనె. అందరూ ముఖ్యంగా వినవలసింది ఇదే. ఓ రోజు మా మరిది వచ్చి, "గొట్టం బిగుసుకుంది వదినా, రెండు చుక్కలు కుట్టుమిషన్ నూనె వేస్తే జారుతది" అని సీసా తీశాడు. మా అమ్మాయి గబుక్కున ఆ సీసా లాక్కుని "బాబాయ్, డీజిల్ ఇంజన్ ఎట్ల నడుస్తదో చదివిన్నా లేదా?" అంది. డీజిల్ ఇంజన్లో నిప్పురవ్వ ఉండదు. గాలిని బాగా నొక్కితే పుట్టే వేడికే నూనె అంటుకుంటుంది. ఈ గొట్టంలోనూ అదే జరగొచ్చు. కుట్టుమిషన్ నూనె, కొబ్బరినూనె, గ్రీజు, తుప్పు వదిలించే స్ప్రే ఏవీ అధిక ఒత్తిడి గాలి తగిలే చోట వేయకూడదు. ఓ రింగులకు సిలికాన్ గ్రీజు, అదీ చెప్పీ చెప్పనంత. మిషను లోపలికి తయారీదారు చెప్పిన కంప్రెషర్ నూనె, చెప్పిన కొలత వరకే. నూనె నల్లబడితే మార్చాలి. ఆసుపత్రి ఆక్సిజన్ సిలిండర్ నుంచి నింపుదామనే మహానుభావులు కూడా ఉంటారు. ఆ మాట ఎత్తనివ్వకండి. అది ప్రాణాలతో చెలగాటం.

మరికొన్ని జాగ్రత్తలు. పదిహేను ఆంపియర్ల సాకెట్, సరైన ఎర్తు ఉంటేనే తగిలించండి. పాతబస్తీ పాత ఇళ్ళలో మూడో రంధ్రం అలంకారానికే ఉంటుంది, ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. సన్నని ఎక్స్‌టెన్షన్ వైరు వద్దు. గొట్టం ఊడదీసే ముందు అందులోని గాలి వదిలేయాలి. గాలి నిండి ఉన్నప్పుడు ఏ మరనూ బిగించడం, వదులు చేయడం రెండూ వద్దు. నింపేటప్పుడు ముఖం దూరంగా పెట్టండి. చిన్నపిల్లల్ని వాకిట్లోకి రానీయొద్దు. మధ్యాహ్నం నిద్రల వేళ నడపొద్దు, ఇరుగుపొరుగుతో మాట పడతాం!

గ్యాస్ సిలిండర్ ఇంటికి రాగానే పైన రింగు మీద ఎ, బి, సి, డి అక్షరం, పక్కన అంకె చూడడం మనకు అలవాటు. సంవత్సరంలో ఏ మూడు నెలల్లో మళ్ళీ పరీక్ష చేయించాలో ఆ అక్షరం చెప్తుంది. పిస్టల్ సిలిండర్ మీద కూడా తేదీ ఉంటుంది. పోటీ పిస్టళ్ళు తయారుచేసే పేరున్న కంపెనీలు పదేళ్ళ తర్వాత సిలిండర్ మార్చమంటాయి. గడువులోపు ఉందో లేదో చూసుకునే బాధ్యత ఆటగాళ్ళదేనని అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నిబంధన. సెకండ్ హ్యాండ్ పిస్టల్ కొనేవాళ్ళు ముందు ఆ తేదీ చదవండి. ఇక పెద్ద గాలి సిలిండర్ ఇంట్లో పెట్టుకుంటామనేవాళ్ళు తెలుసుకోవలసిందొకటుంది. అర లీటరు దాటిన గ్యాస్ సిలిండర్లు 2016 నాటి గ్యాస్ సిలిండర్ల నిబంధనల కిందికి వస్తాయి. వాటికి అనుమతి పొందిన తయారీ ఉండాలి, నిర్ణీత గడువుల్లో నీటి ఒత్తిడి పరీక్ష జరగాలి. పాత ఇనుము దుకాణంలో దొరికిన సిలిండర్ ఎంత చౌకైనా ఇంట్లోకి తేవద్దు.

చట్టం మాట కూడా. 4.5 మిల్లీమీటర్ల లోపు గొట్టం, 20 జౌళ్ళ లోపు శక్తి ఉన్న గాలి తుపాకీకి మన దేశంలో లైసెన్సు అక్కర్లేదు. అది దాటితే కావాలి. మిషను ఉంది కదా అని స్ప్రింగులు మార్చి శక్తి పెంచే పనులు మగపిల్లలు మొదలుపెడితే ఆపాల్సింది మనమే. పిట్టల్ని కొట్టడం 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. లైసెన్సు అక్కర్లేకపోయినా తాళం మాత్రం కావాలి. పిస్టల్ ఒక చోట, గుళ్ళు ఒక చోట, తాళంచెవి పెద్దల దగ్గర.

"ఇదంతా మనకెందుకు?"

ఇంత చెప్పాక "అమ్మో, ఇంత ఖర్చు, ఇంత ప్రమాదం, మనకెందుకు? హాయిగా కబడ్డీ ఆడుకోవచ్చుగా" అంటారని తెలుసు. మా చుట్టాల్లో సగం మంది అన్నారు. కబడ్డీ గొప్ప ఆటే. కాని పిల్లకు నచ్చిన ఆట ఇది. డబ్బున్న ఇళ్ళ పిల్లలే ఆడాల్సిన ఆట అని ఎవరు రాసిపెట్టారు? ఇక ప్రమాదం సంగతి. మన వంటింట్లో గ్యాస్ సిలిండర్, కుక్కర్, గీజరు మూడూ ఉన్నాయి. పద్ధతి తెలుసు కనుక పక్కనే నిలబడి పాటలు పాడుకుంటున్నాం. ఆ పద్ధతి మనకెవరూ పుట్టుకతో ఇవ్వలేదు. గాస్కెట్ ఎప్పుడు మార్చాలో అమ్మ చెప్పింది, రెగ్యులేటర్ ఎలా పెట్టాలో గ్యాస్ అబ్బాయి చూపించాడు, మనం నేర్చుకున్నాం. ఇదీ అంతే.

తెలియని చేతుల్లో మాత్రం ఇది ప్రమాదమే, కాదనను. అందుకే ఇంట్లో ఒక్కరికే తెలిస్తే చాలదంటాను. మా మూడిళ్ళలో ఒక నియమం పెట్టుకున్నాం. ఏ పిల్ల పిస్టల్ పట్టుకుంటుందో ఆ పిల్లకు మిషను నడపడం, నీరు వదలడం, ఫిల్టరు మార్చడం, ఓ రింగు వేయడం రావాలి. వచ్చేదాకా పక్కన పెద్దవాళ్ళు నిలబడాలి గానీ చేతిలోంచి స్పానర్ లాక్కోకూడదు. మొదటిసారి ఖాలా మనవరాలు పిస్టన్ రింగు మార్చడానికి రెండు గంటలు పట్టింది. వాళ్ళ అబ్బా మూడుసార్లు "లావ్ బేటీ, నేను చేస్తా" అన్నాడు. ఖాలా కుర్చీలోంచి కదలకుండానే "బైఠో" అంది. ఆయన కూర్చున్నాడు. పిల్ల బిగించింది. మిషను నడిచింది.

క్లబ్బులకు, అధికారులకు ఒక మాట

ఇంటింటికీ కంప్రెషర్ కొనుక్కోవడం దీనికి పరిష్కారం కాదు. మేం చేసింది గతిలేక చేసిందే. 2003లో ఆఫ్రో ఏషియన్ క్రీడలు మన ఊళ్ళోనే జరిగాయి, గగన్ నారంగ్ ఎయిర్ రైఫిల్‌లో బంగారు పతకం గెలిచింది అక్కడే. ఇన్నేళ్ళ తర్వాత కూడా పాతబస్తీ వైపు పిల్ల గురి చూడాలంటే ఊరు దాటి పోవాల్సి రావడం ఏం బాగుంది? పది మీటర్ల హాలు, నాలుగు లేన్లు, ఒక మంచి కంప్రెషర్. ఒక జూనియర్ కాలేజీ షెడ్డులో పట్టేంత చోటు చాలు. అక్కడ అడగ్గానే గాలి దొరికితే ఏ తల్లీ చిట్టీ ఎత్తక్కర్లేదు.

క్లబ్బులు నడిపేవారు ఇంకో పని చేయాలి. దీనికి పైసా ఖర్చు లేదు. చేరిన మొదటి నెలలోనే ప్రతి పిల్లకూ, ఆడపిల్లకు కూడా, గాలి నింపడం నేర్పండి. మిషను పక్కన గోడ మీద తెలుగులో, ఉర్దూలో నింపే పద్ధతి రాసి అంటించండి. పిల్లలు వంతులవారీగా నీరు వదలడం, నూనె చూడడం చేస్తే మిషను కూడా ఎక్కువ కాలం మన్నుతుంది.

తల్లులకు నేను చెప్పేది కూడా ఇంతే. రేంజి దగ్గర బెంచీ మీద కూర్చుని స్వెట్టర్ అల్లుకుంటూ పిల్ల కోసం చూడడం మంచిదే. ఓసారి లేచి ఆ మిషను దగ్గరికి కూడా వెళ్ళండి. ఏ మర ఏమిటో అడగండి. మీకు అర్థమైతే మీ అమ్మాయికి భయం పోతుంది. కొనవలసి వస్తే నలుగురు కలిసి కొనండి, లెక్క పుస్తకం పెట్టుకోండి, విడిభాగాలు ముందే తీసిపెట్టుకోండి.

నిన్న సాయంత్రం మా మూడిళ్ళ పుస్తకంలో కొత్త పేజీ మొదలైంది. 'ఫిల్టరు దూది మార్చాలి' అని మా అమ్మాయి రాసింది. 'మార్చాను' అని ఆ పక్కనే ఖాలా మనవరాలి చేతిరాత ఉంది.